మధ్యబిళ్ళకు రెండో కోటు

మా మావయ్య పోయి నెల దాటింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే పాట. "దేవుడిలాంటి మనిషమ్మా, చెల్లెలి సంసారాన్ని ఎనిమిదేళ్ళు నెత్తిన పెట్టుకుని మోశాడు" అంటారు. తల ఊపీ ఊపీ నాకు మెడ నొప్పి పుట్టింది. మోశాడు, కాదనను. ఎందుకు మోశాడో ఈ వీధి వీధంతా చెవులారా విన్నదే. అయినా చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, ఇప్పుడు అందరికీ ఆయన మంచితనమే గుర్తొస్తోంది. నాకు మాత్రం మొత్తం గుర్తుంది. మా అమ్మ నోరే నాకూ వచ్చింది, కడుపులో మాట ఉంచుకుంటే నాకు అన్నం అరగదు.

మావయ్య లేతు మేస్త్రి, ఇనుమును తిప్పి చెక్కే పని. మార్కెట్టు వెనక సందులో రేకుల షెడ్డు, అందులో ఒక లేతు, ఒక డ్రిల్లు, ఒక వెల్డింగు సెట్టు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మాట్లాడితే పక్కనున్నవాడు కూడా చెవి దగ్గరగా పెట్టాల్సిందే. పనితనం మాత్రం ఎవరైనా ఒప్పుకునేది. ఆయన చదును పట్టిన రెండు ఇనప పలకల్ని ఒకదాని మీద ఒకటి పెడితే మధ్యలో వెంట్రుక దూరేది కాదు. ఉన్న పిచ్చల్లా ఒక్కటే, రంగు. చేతిలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ ముందు ఎర్ర ప్రైమరు, పైన నీలం రంగు.

"ఇనుముకు బట్ట కట్టకుండా గడప దాటించకూడదే కోడలుపిల్లా, తుప్పు పడుతుంది" అనేవాడు నాతో.

స్టూలుకు రంగు, పానాల పిడులకు రంగు, మా ఇంట్లో ఇనప మంచానికి రంగు. ఒకసారి మా తాళంకప్పకు కూడా వేసి, తాళంచెవి దూరే కన్నం పూడ్చేశాడు. ఆ రోజు అమ్మా నేనూ మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చున్నాం. "మా అన్నయ్యను ఊరికే వదిలేస్తే నాకూ ఓ కోటు వేసేస్తాడు" అని అమ్మ వారం రోజులు తిట్టింది. అప్పుడు అందరం నవ్వుకున్నాం. రంగు ఎక్కడ వేయాలో ఎక్కడ వేయకూడదో ఆ రోజే ఎవరైనా గట్టిగా అడిగి ఉండాల్సింది.

మా నాన్నది ఒక చిన్న లారీ, నాకన్నా వయసులో పెద్దది. ఐసు ఫ్యాక్టరీ నుంచి చేపల మార్కెట్టుకు ఐసు దిమ్మలు తోలేవాడు. రోజూ పొద్దున్నే బండి ఎక్కే ముందు చిన్న సుత్తి పట్టుకుని చుట్టూ తిరిగి, ఒక్కో చక్రానికి ఆరు చొప్పున ఇరవై నాలుగు నట్లూ కొట్టి చూసేవాడు. నట్టు బిగువుగా ఉంటే ఖణ్ మంటుంది. వదులైతే టప్ మంటుంది. ఇరవై నాలుగో దెబ్బకు నేను పక్క మీద లేచి కూర్చునేదాన్ని. "పెళ్ళాం పిలిస్తే వినపడదు గానీ నట్టు పిలిస్తే వినపడుతుంది ఈయనకి" అనేది అమ్మ. మా నాన్నకు చదువు లేదు, పలుకుబడి లేదు. ఆ చెవి ఒక్కటే ఆయన గొప్ప. ముప్పై ఏళ్ళలో ఆయన బండికి ఒక్క నట్టు ఊడలేదు.

గొడవ పాత చక్రాలతో వచ్చింది. అవి రింగు రిమ్ములు. టైరు జారకుండా అంచున ఒక ఇనప రింగు పట్టి ఉంచుతుంది. గాలి నింపేటప్పుడు ఆ రింగు ఎగిరిందంటే మనిషి మిగలడు. ఒకసారి పంక్చరు షాపులో అలాగే ఎగిరి, పైకప్పు రేకును చీల్చుకుని పోయింది. ఆ మర్నాటి నుంచి పంక్చరు షాపాయన మా బండి కనిపిస్తే చాలు రెండు చేతులూ ఎత్తేసేవాడు.

"నీకో దణ్ణం గురూ. ఆ రింగులు నా గుమ్మం ముందుకు తేవద్దు. నాకూ పిల్లలున్నారు" అన్నాడు.

ఆ సైజు టైర్లు కూడా రావడం మానేశాయి. చక్రాలు మార్చకపోతే వేరే బండి చూసుకుంటామని ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు అన్నారు. అమ్మ తన అన్నయ్య మీద పడింది. "ఆ రింగు ఏదో ఒకరోజు ఈయన్ని మింగేస్తుంది, నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అని పొద్దున్నా సాయంత్రం ఒకటే నస.

పాత సామాన్ల యార్డులో కొత్త రకం లారీ చక్రాలు నాలుగు దొరికాయి. రింగు లేదు, ట్యూబు లేదు. కానీ వాటికి ఎనిమిదేసి కన్నాలు. మా బండి హబ్బుకు, అంటే ఇరుసు చివర చక్రం ఎక్కే బిళ్ళకు, ఆరే బోల్టులు. "ఆరుకీ ఎనిమిదికీ పొత్తు ఎలా కుదురుతుంది బావా?" అని నాన్న బుర్ర గోక్కుంటే, మావయ్య నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీశాడు. దళసరి ఇనప బిళ్ళ. దానికి ఆరు కన్నాలు పెట్టి పాత హబ్బుకు ఆరు నట్లతో బిగిస్తారు. అదే బిళ్ళకు బయటివైపు ఎనిమిది కొత్త బోల్టులు ఉంటాయి. కొత్త చక్రం వాటి మీద కూర్చుంటుంది. దుకాణాల్లో దాన్ని అడాప్టరు అంటారు. మావయ్య మధ్యబిళ్ళ అన్నాడు, మా ఇంట్లో అదే పేరు నిలిచిపోయింది. ఒక్కటి గమనించండి. చక్రం ఎక్కాక లోపలి ఆరు నట్లూ దాని వెనక దాక్కుంటాయి. బయటికి కనిపించేవి, సుత్తికి అందేవి ఆ ఎనిమిదే.

నాలుగు రోజులు మావయ్య తిండీ తిప్పలూ మానేసి నాలుగు బిళ్ళలు తయారుచేశాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాను. ఐదో రోజు రంగు డబ్బాలు తీశాడు. మొదటి కోటు ఆయన వేశాడు. రెండోది, నీలం, నా చేతికిచ్చాడు.

"బిళ్ళ ముఖానికి కూడానా మావయ్యా? హబ్బుకు ఆనుకునే వైపు కూడా వెయ్యనా?" అని అడిగాను.

"దానికే ముందు వెయ్యి. ఐసు బండి కదే, ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి. తడి చేరేది ఆ సందులోనే" అన్నాడు.

సరైన మాటే అనిపించింది. ఒక్క గీత కూడా కనబడకుండా నున్నగా వేశాను. ఆ వేళకు మా వీధి పోస్టాయన షెడ్డులోకి వచ్చాడు. ఎండగా ఉంటే సైకిలు ఆపి, మా కుండలో మంచినీళ్ళు తాగి వెళ్ళడం ఆయనకు అలవాటు. ఆరబెట్టిన బిళ్ళల్ని చూసి, "ఇంత ముద్దొచ్చే వస్తువును చక్రం వెనక దాచేస్తారా మేస్త్రీ? గోడకు తగిలించుకోవచ్చు కదా" అన్నాడు. మావయ్య సిగ్గుపడి నవ్వాడు. నాకూ గర్వంగానే అనిపించింది.

బండికి కొత్త చక్రాలు ఎక్కాయి. వంద కిలోమీటర్లు తిరిగాక తీసుకురమ్మన్నాడు మావయ్య. నాన్న తెచ్చాడు. చక్రాలు విప్పి పానా వేస్తే, లోపలి నట్లు ఒక్కోటీ పావు తిప్పు తిరిగాయి. పావు తిప్పంటే చిన్న సంగతి కాదు, అంత గట్టి పనికి అది రాకూడదు. మావయ్య ఇంకోసారి పానా వేసి చూశాడు. తర్వాత "కొత్తది కదా, సర్దుకుంటోంది" అని బిగించి పంపేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించే మనిషి కాదాయన. కానీ తన పని మీద తనకు అనుమానం రావడం అదివరకు ఎప్పుడూ లేదు. అనుమానం ఎలా పడాలో ఆయనకు తెలియలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున నాన్న బండి చుట్టూ తిరిగాడు. ఇప్పుడు ముప్పై రెండు నట్లు. ముప్పై రెండూ ఖణ్ మన్నాయి. నేను పక్క మీద నుంచి లెక్కపెట్టాను, నాకు బాగా గుర్తు. మార్కెట్టుకు దిగే వాలులో ఎడమ ముందు చక్రం మధ్యబిళ్ళతో సహా ఊడిపోయింది. బండి నేలకు ఒరిగి ఆగింది. చక్రం ఆగలేదు. వాలు చివర మలుపులో పోస్టాయన సైకిలు దిగి, ఎవరి ఇంటికో ఉత్తరం తీస్తున్నాడు.

అక్కడికక్కడే పోయాడు. బండిలోంచి ఐసు దిమ్మలు జారి రోడ్డంతా పగిలాయి. సంచిలోని ఉత్తరాలు ఆ నీళ్ళలో తడిసి ముద్దయ్యాయి. ఎవరో పాపం వాటిని ఏరి పిట్టగోడ మీద ఆరబెట్టారు. నేను వెళ్ళేసరికి నాన్న రోడ్డు మధ్యలో కూర్చుని ఉన్నాడు. చేతిలో సుత్తి ఉంది. ఎందుకు తీసుకున్నాడో ఆయనకే తెలియదు.

పోలీసు స్టేషను ఆవరణలో బ్రేకు ఇనస్పెక్టరు బండి చూశాడు. హబ్బుకు ఉండాల్సిన ఆరు బోల్టులూ తెగిపోయి ఉన్నాయి. నట్లు వదులుగా వదిలేస్తేనే బోల్టులు ఇలా తెగుతాయి, ఇది డ్రైవరు అశ్రద్ధ అన్నాడు.

"ముప్పై రెండూ కొట్టి చూశాను సార్. ముప్పై రెండూ మోగాయి" అన్నాడు నాన్న.

"మోగితే ఎందుకు ఊడిందయ్యా?"

కాసేపట్లో దానికి జవాబు తెలుసుకోబోయేవాడు పక్కనే ఉన్నాడు. మిగతా మూడు చక్రాలూ విప్పి చూపించమని మావయ్యనే పురమాయించారు. విప్పాడు. మూడూ పరీక్ష చేశారు, లోపం లేదని రాసుకున్నారు. అలా రాసుకోవడానికి ముందు ఏం జరిగిందో మాకు ఎనిమిదేళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

నాన్నకు పది నెలలు జైలు పడింది, లైసెన్సు పోయింది. అవి కూడా ఓర్చుకోవచ్చు. కోర్టు ఆవరణలో పోస్టాయన భార్య ఎదురుపడింది. "కొట్టి చూశావా? విన్నావా? ఆ చెవులు పడిపోను!" అని మట్టి తీసి చల్లింది. నాన్న కదల్లేదు. జైలుకు వెళ్ళేటప్పుడు అమ్మతో, "ఆవిడ అన్నది నిజమే. నేను సరిగ్గా వినలేదేమో" అన్నాడు. ఆయన్ని బతికుండగానే చంపింది జైలు కాదు, ఆ 'ఏమో'.

తిరిగొచ్చాక నాన్న ఇనప మంచం మీద కూర్చుండిపోయాడు. సుత్తి మంచం కిందకు చేరింది. నాలుగైదేళ్ళకు నిజంగానే వినికిడి పోయింది. ముప్పై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చుంటే ఎవరి చెవైనా పోతుంది. ఆయన మాత్రం శాపం తగిలిందనుకున్నాడు. మావయ్య మా ఇంటికి బియ్యం తెచ్చాడు, పప్పు తెచ్చాడు, అమ్మకు జబ్బు చేస్తే ఆస్పత్రిలో పక్కనే ఉన్నాడు, ఆమె పోతే దగ్గరుండి అన్నీ చేశాడు. అమ్మ చివరి మాటల్లో ఒకటి, "మా అన్నయ్య లేకపోతే మేమేమైపోయేవాళ్ళం" అని. వింటూ ఆయన గోడ వైపు తిరిగాడు. నేను ఏడుస్తున్నాడనుకున్నాను.

ఎనిమిదో ఏడు ఒక పెద్ద లారీ మెకానిక్కు హబ్బు తెచ్చాడు, తెగిన బోల్టులు మార్చమని. మార్చాను. ఆయన వచ్చేలోగా చేతులు ఖాళీగా ఉన్నాయని, మావయ్య లేతు మీద వంగి ఉండగా అలవాటు కొద్దీ హబ్బు ముఖానికి ప్రైమరు పూశాను. వచ్చి చూసి ఆ మనిషి గావుకేక పెట్టాడు.

"ఎవరమ్మా ఇక్కడ రంగేసింది? జనాన్ని చంపుతారా ఏంటి?"

నాకు ఒళ్ళు మండింది. "రంగేస్తే చావడమేంటయ్యా?" అన్నాను.

"ఇనుమూ ఇనుమూ ఆనుకునే చోట రంగుండకూడదమ్మా. నువ్వెంత బిగించినా ఆ బిగువంతా రంగు మీదే ఉంటుంది. బరువు పడేకొద్దీ రంగు నలిగి పొడైపోతుంది. అది పోయిన మేరకు నట్టు వదులైపోతుంది. బిగించినవాడి తప్పేం ఉండదు, చక్రం ఊడుతుంది."

వెనక లేతు తిరుగుతూనే ఉంది. ఉలి మాత్రం ఇనుముకు తగలడం లేదు. మావయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

మెకానిక్కు వెళ్ళాక లేతు కట్టేశాను.

"నీకు తెలుసా మావయ్యా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ రోజు స్టేషన్లో చక్రాలు విప్పినప్పుడు. నట్ల కింద రంగు పిండైపోయి ఉంది. వాళ్ళు టీకి వెళ్ళారు. ఊడినదాని రంగు ఎటూ రాపిడికే పోయింది, మిగతా మూడు బిళ్ళలూ ఇనప బ్రష్షుతో గీకేశాను."

అప్పుడు నేను ఏమేం తిట్టానో ఇక్కడ రాయలేను. అంతా విని ఆయన మెల్లగా ఒకటే అడిగాడు. "రెండో కోటు ఎవరు వేశారే కోడలుపిల్లా? నేను చెబితే నిన్నూ పిలిచేవాళ్ళు కదా."

చూశారా, ఎంత మెత్తగా కోశాడో. నా కోసం దాచాడా, నన్ను అడ్డం పెట్టుకుని దాక్కున్నాడా? ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసిందల్లా ఏమిటంటే, ఆ మాటకు నా నోరు మూతపడింది. మూడు రోజులు నేను కూడా నాన్నకు అన్నం వడ్డించి, ఏమీ చెప్పకుండా కంచం తీశాను. మొదటి రోజు నేను అన్నం ముట్టలేదు. రెండో రోజు రెండు ముద్దలు తిన్నాను. మూడో రోజు దాదాపు మామూలుగా తిన్నాను. అప్పుడు భయమేసింది. ఎనిమిదేళ్ళు ఎలా గడుస్తాయో నాకు అర్థమైంది.

నాలుగో రోజు సాయంత్రం షెడ్డుకు వెళ్ళి, "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను. చేతులు కడుక్కుని నా వెంట వచ్చాడు.

నాన్న వీధి గదిలో మంచం మీద ఉన్నాడు. కిటికీ తీసి ఉంది. మావయ్య ఎదురుగా కూర్చుని, ఎప్పటిలాగే గొంతులోనే చెప్పాడు.

"ఆఁ? ఏంటి బావా?" అన్నాడు నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టి.

మళ్ళీ చెప్పాడు. "వినపడట్లేదు. గట్టిగా చెప్పు" అన్నాడు నాన్న.

మావయ్య నా వైపు చూశాడు. నేను చెబుతానేమో అని ఆశపడ్డాడు. నేను కదల్లేదు. పుట్టిన దగ్గర్నుంచి గొంతెత్తని మనిషి లేచి నిలబడి, కళ్ళు మూసుకుని అరిచాడు.

"నట్లు కాదు బావా! రంగు! నేను వేయించిన రంగు! నువ్వు సరిగ్గానే విన్నావు! లోపల వదులైంది నా పని! తెలిసి నోరు మూసుకున్నాను బావా!"

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. కిటికీ ముందు ఇద్దరు ముగ్గురు చేరారు. నాన్నకు సగమే అందినట్టుంది, మళ్ళీ చెప్పమన్నాడు. మావయ్య మళ్ళీ అరిచాడు. గీకేసిన సంగతి కూడా అరిచాడు. "రెండో కోటు నేనే వేశాను నాన్నా!" అని నేనూ అరిచాను. నన్ను విన్నాడో లేదో తెలియదు, ఆయన మావయ్యనే చూస్తున్నాడు.

నాన్న, "అయితే ఆ రోజు నట్లు మోగాయి కదా?" అన్నాడు.

"మోగాయి బావా!"

"మోగాయి" అని తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతో, కోపం లేకుండా, "ఎనిమిదేళ్ళు నాకు అన్నం పెట్టావు బావా. అది మానేసి ఈ ఒక్క మాట చెప్పి ఉంటే హాయిగా పస్తుండేవాణ్ణి" అన్నాడు.

మావయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. మర్నాటికి సంగతి పోస్టాయన భార్యకు చేరింది. వచ్చి మా గుమ్మంలో నిలబడింది. తిడుతుందనుకున్నాను. "ఇన్నేళ్ళూ వేరే మనిషిని తిట్టుకున్నానన్నమాట" అని, నాన్నను కాసేపు చూసి వెళ్ళిపోయింది. స్టేషనుకు నేనూ మావయ్యా వెళ్ళి చెప్పాం. అక్కడ ఆ కాగితాలు ఎప్పుడో మూటకట్టేశారు. ముసలాయన జైలు నుంచి తిరిగొచ్చాడు కదమ్మా, ఇంకేం కావాలి అన్నారు.

ఆ తర్వాత మావయ్య ఏడాదిన్నర బతికాడు. రంగు డబ్బా మళ్ళీ ముట్టుకోలేదు. మొదటి వానాకాలానికే షెడ్డులో పెచ్చులూడిన చోటల్లా తుప్పు మొదలైంది. మా గుమ్మం తొక్కలేదు, నాన్న కబురు చేయలేదు. పోయిన రోజు కూడా నాన్న మంచం దిగలేదు.

మొన్న పొద్దున మాత్రం నన్ను షెడ్డుకు తీసుకెళ్ళమన్నాడు. చెయ్యి పట్టుకుని నడిపించాను. లుంగీ మడతలో ఏదో బరువు కనిపించింది, సుత్తి. లేతు దగ్గర వంగి, దాన్ని నేలకు పట్టి ఉంచే నట్లను ఒక్కోటీ వరసగా కొట్టాడు. ప్రతి దెబ్బకూ నా ముఖం చూశాడు.

"మోగిందా?"

"మోగింది నాన్నా!"

రెండోదీ మోగింది. మూడోది టప్ మంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, ఆయనకెలాగూ వినపడదు కదా అని. మింగేశాను.

"లేదు నాన్నా! ఇది వదులైంది!"

ఆయన పానా కోసం చెయ్యి చాచాడు. ఇచ్చాను. దాన్ని నట్టుకు తగిలించబోయి ఆగిపోయి, నాకే తిరిగిచ్చాడు.

"ముందు విప్పి కింద గీకు" అన్నాడు. "తర్వాత బిగిద్దువుగాని."

విప్పాను. కింద నీలం రంగు ఉంది.